లాకుల దగ్గర ఒక లెక్క, శివారులో మరో లెక్క: వర్చువల్ మెషీన్‌లో డిస్క్ పనిని కొలవడం ఎలా

క్లుప్తంగా: వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్) లోపల కనిపించే డిస్క్ పని, బయట అసలు డిస్క్ మీద జరిగే పని ఒకటి కావు. మధ్యలో ఉండే కాషె (డేటాను తాత్కాలికంగా జ్ఞాపకంలో ఉంచే చోటు), ఇమేజ్ ఫైలు (వర్చువల్ మెషీన్‌కు డిస్క్‌గా కనిపించే ఫైలు) ఫార్మాట్, ఎమ్యులేటర్ (ఆ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) విధించే పరిమితులు ఆ అంకెలను పెంచుతాయి, తగ్గిస్తాయి, ఆలస్యం చేస్తాయి. లోపల, ఎమ్యులేటర్ దగ్గర, బయట ఒకే సమయంలో కొలిస్తేనే నెమ్మదికి అసలు కారణం దొరుకుతుంది. వాడకం శాతం కన్నా ఒక్కో అభ్యర్థనకు పట్టిన సమయం, ఫ్లష్‌ల (కాషెలోని రాతలను డిస్క్ మీదకు చేర్చమనే ఆదేశాల) సంఖ్య నమ్మదగిన గుర్తులు.

నెలలో 20వ తేదీ దగ్గరపడితే భీమవరం, తణుకు, అమలాపురం వంటి ఊళ్లలో ఆడిటర్ల గదుల్లో లైట్లు బాగా పొద్దుపోయేదాకా వెలుగుతూనే ఉంటాయి. నెలనెలా దాఖలు చేసే జీఎస్టీ రిటర్నుకు అదే గడువు. అలాంటి గది ఒకటి ఉందనుకుందాం. ఒక రైస్ మిల్లు లెక్కలన్నీ పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అది విండోస్ 7 దాటి నడవదు. ఆ విండోస్‌కు 2020 జనవరి 14తోనే మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్ పాడైంది. కొత్తది కొని, అందులో లినక్స్ వేసి, దాని మీద క్యూఎమ్యూ ఎమ్యులేటర్‌తో ఒక వర్చువల్ మెషీన్ నిలబెట్టి, పాత విండోస్‌నూ పాత లెక్కలనూ అందులోకి ఎక్కించారు. ఖర్చు కలిసివస్తుందని ఆ ఇమేజ్ ఫైలును తిరిగే హార్డ్ డిస్క్ మీద ఉంచారు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. గడువు సాయంత్రం మాత్రం వోచరు సేవ్ నొక్కిన ప్రతిసారీ గ్లాసుడు మంచినీళ్లు తాగేంత సేపు పడుతోంది.

వర్చువల్ మెషీన్ లోపల రిసోర్స్ మానిటర్ తెరిస్తే డిస్క్ నూరు శాతం పనిలో ఉన్నట్టు గీత పైఅంచుకు అతుక్కుని కనిపిస్తుంది. (విండోస్ 7 టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గ్రాఫు ఉండదు కనుక అక్కడ వెతికితే దొరకదు.) బయట లినక్స్‌లో చూస్తే డిస్క్ సెకనుకు అర ఎంబీ కూడా రాయడం లేదు. లోపలి గీత చూసినవారు డిస్క్ పాడైందంటారు. బయటి అంకె చూసినవారు డిస్క్ ఖాళీగా ఉంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దేనంటారు. ఇద్దరూ చూసిన అంకెలు నిజమే. ఇద్దరూ చెప్పిన కారణమే తప్పు.

డెల్టా రైతుకు ఈ చిక్కు కొత్తది కాదు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు ఇన్ని క్యూసెక్కులు వదిలామని లెక్క వస్తుంది. శివారు రైతు తన బోదెలోకి దిగి చూస్తే పాదం కూడా తడవదు. హెడ్ స్లూయిస్ దగ్గరి అంకె అబద్ధం కాదు, బోదె ఎండిన మాటా అబద్ధం కాదు. మధ్యలో కాలువ నిండాలి, పిల్లకాలువల షట్టర్లు లేవాలి, ఎగువ తూములన్నీ తాగాలి, గండ్లలో పోయేది పోవాలి. వర్చువల్ మెషీన్‌కు కనిపించే డిస్క్ కూడా అలాంటి పొడవైన కాలువకు చివరన ఉన్న బోదె.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు పెరిగింది

ఒక యంత్రంలో అనేక యంత్రాలు నడిపే ఆలోచన పాతదే. ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు వీఎం/370ని 1972లోనే ప్రకటించింది. ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో వాడే కంప్యూటర్ల దాకా అది రావడానికి చాలా కాలం పట్టింది. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్, 2003లో ఫాబ్రిస్ బెలార్డ్ రాసిన క్యూఎమ్యూ, 2007లో లినక్స్ కర్నల్‌లో (లినక్స్ మూల భాగంలో) చేరిన, ప్రాసెసర్ సాయంతో వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం ఆ దారిలో మైలురాళ్లు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనడం, ఆ తరువాత శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మారడంతో చాలా చిన్న సంస్థలు కేవీఎం ఆధారిత వ్యవస్థల వైపు చూడడం మొదలుపెట్టాయి. చేతికి అలవాటైన పర్యవేక్షణ పరికరం పోయి, పేర్లు తెలియని అంకెలు ఎదురైనప్పుడు ఏది దేని కొలతో అనే గందరగోళం సహజం.

ఒక్క వోచరు, ఎన్ని చేతులు

వోచరు సేవ్ అయ్యే దారిని వెంబడిస్తే సమస్య సగం విడిపోతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ ఫైలులో నాలుగు అక్షరాలు మార్చి విండోస్‌కు అప్పగిస్తుంది. విండోస్ వాటిని ముందు తన జ్ఞాపకంలోని కాషెలో ఉంచుతుంది. తరువాత ఫైలు వ్యవస్థ వాటిని డిస్క్ బ్లాకులుగా మార్చి కంట్రోలర్ డ్రైవరుకు ఇస్తుంది. ఆ డ్రైవరు మాట్లాడేది అసలు కంట్రోలర్‌తో కాదు, ఎమ్యులేటర్ వేసిన వేషంతో. అక్కడ ప్రాసెసర్ వర్చువల్ మెషీన్‌ను ఒక్క క్షణం ఆపి, పగ్గాలు ఎమ్యులేటర్‌కు అప్పగిస్తుంది. ఎమ్యులేటర్ ఆ బ్లాకు తన ఇమేజ్ ఫైలులో ఎక్కడ ఉందో పట్టిక చూసి, బయటి లినక్స్‌ను ఆ చోట రాయమని అడుగుతుంది. లినక్స్ మళ్లీ తన కాషెలో ఉంచుకుంటుంది, తన ఫైలు వ్యవస్థ గుండా పంపుతుంది, వరుసలో నిలబెడుతుంది, పక్కపక్క బ్లాకులుంటే కలిపేస్తుంది. ఆ తరువాతే అసలు డిస్క్.

అంటే ఒకే రాతకు రెండు ఫైలు వ్యవస్థలు, రెండు కాషెలు, రెండు వరుసలు. లోపలి విండోస్‌కు ఇందులో తన సగమే తెలుసు. విందుకు వచ్చిన చుట్టానికి వడ్డించే ఆలస్యం తెలుస్తుంది గాని, వంటింట్లో పొయ్యి ఆరిందో, పెరుగు కోసం పక్కింటికి పరుగెత్తారో తెలియదు. లోపలి విండోస్‌ను గెస్ట్, బయటి లినక్స్‌ను హోస్ట్ అని పిలవడంలో ఆ మేరకు ఔచిత్యం ఉంది.

ఈ దారిలో ఎమ్యులేటర్ వేసే వేషాన్ని బట్టి ఖర్చు మారుతుంది. పాత ఐడీఈ డిస్క్ వేషం వేస్తే ఒక్కో అభ్యర్థనకు కంట్రోలర్ రిజిస్టర్లలో పలుమార్లు రాయాలి. చాలాచోట్ల వర్చువల్ మెషీన్ ఆగి ఎమ్యులేటర్‌లోకి వెళ్లి రావాలి. వర్టియో అనే పద్ధతిలో ఈ వేషమే ఉండదు. తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గెస్ట్ డ్రైవరుకు ముందే తెలుసు. ఇద్దరూ పంచుకునే జ్ఞాపకంలో అభ్యర్థనలను వరుసగా పెట్టి ఒక్కసారి తలుపు తడుతుంది. పాత విండోస్‌లో వర్టియో డ్రైవరు విడిగా వేసుకోవాలి కనుక చాలామంది ఆ పని వదిలేసి ఐడీఈతోనే కానిచ్చేస్తారు. అప్పుడు డిస్క్ ఆలస్యంగా కనిపించేదాంట్లో కొంత నిజానికి ప్రాసెసర్ ఖర్చు.

మూడు గేజీలు

కొలత పెట్టడానికి మూడు చోట్లు ఉన్నాయి. మొదటిది గెస్ట్ లోపల. విండోస్‌లో రిసోర్స్ మానిటర్, పెర్ఫార్మెన్స్ మానిటర్. లినక్స్‌లో ఐఓస్టాట్, ఐఓటాప్. ఏ ప్రోగ్రామ్, ఏ ఫైలు మీద పని చేస్తోందో చెప్పగలిగేది ఈ చోటు ఒక్కటే. బయటి నుంచి చూస్తే లోపలి ఫైళ్ల పేర్లు తెలియవు, ఫలానా బ్లాకు మీద పని జరిగిందని మాత్రమే తెలుస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తోందా, యాంటీవైరస్ చదువుతోందా అనే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ లోపలే.

మూడోది హోస్ట్. అక్కడ ఐఓస్టాట్ అసలు డిస్క్ సంగతి చెబుతుంది. క్యూఎమ్యూ దానికి మామూలు ప్రోగ్రామ్ మాత్రమే కనుక, ఐఓటాప్‌లో ఆ ప్రోగ్రామ్ పేరు మీద ఎంత చదివిందీ ఎంత రాసిందీ కనిపిస్తుంది. లినక్స్ లెక్కల్లో ఒక చిన్న ఉచ్చు ఉంది: కర్నల్ డిస్క్ పట్టికలో సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్క్ సొంత సెక్టార్ 4 కేబీ అయినా సరే. ఇది తెలియక గుణించినవారి అంకె ఎనిమిది రెట్లు పెరిగిపోతుంది.

ఈ రెండింటి మధ్య ఉన్న ఎమ్యులేటర్ చాలామంది చూడని చోటు. నిజానికి పంచాయతీ తీర్చేది అదే. క్యూఎమ్యూకు మానిటర్ అనే ఆదేశాల కిటికీ ఉంది. అందులో ‘ఇన్ఫో బ్లాక్’ అంటే ఏ డిస్క్‌కు ఏ ఇమేజ్ ఫైలు, ఏ కాషె పద్ధతి పెట్టారో తెలుస్తుంది. ‘ఇన్ఫో బ్లాక్‌స్టాట్స్’ అంటే ఒక్కో డిస్క్‌కు ఎన్ని చదువులు, ఎన్ని రాతలు, ఎన్ని ఫ్లష్‌లు, ఎన్ని బైట్లు, ఒక్కోదానికి మొత్తం ఎన్ని నానోసెకన్లు పట్టిందో వరుసగా వస్తుంది. ఇవే అంకెలు ప్రోగ్రాములు చదువుకునేలా క్యూఎంపీ అనే మరో మార్గంలో కూడా దొరుకుతాయి. లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ‘విర్ష్ డామ్‌బ్లక్‌స్టాట్’ చాలు. ఇవన్నీ మెషీన్ మొదలైనప్పటి నుంచి పోగైన మొత్తాలు. ఒక్కసారి చూస్తే ఏమీ అర్థం కాదు. కరెంటు మీటరు రీడింగులా రెండుసార్లు తీసుకుని తేడా చూడాలి.

పది సెకన్ల లెక్క

మన ఆడిటరు గదిలో గడువు సాయంత్రం పది సెకన్ల ఎడంతో రెండు రీడింగులు తీశామనుకుందాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, కానీ తిరిగే డిస్క్ మీద కనిపించే తీరు ఇదే.

రాతలు 1,200 పెరిగాయి. రాసిన బైట్లు 49,15,200 పెరిగాయి. భాగిస్తే ఒక్కో రాత 4,096 బైట్లు, అంటే 4 కేబీ. సెకనుకు 480 కేబీ. ఇంత చిన్న అంకె చూసే బయటివారు డిస్క్ ఖాళీ అన్నారు. రాతలకు పట్టిన మొత్తం సమయం 0.06 సెకను. ఒక్కో రాతకు మిల్లీసెకనులో ఇరవయ్యో వంతు. ఇక్కడితో ఆగితే డిస్క్ మెరుపులా పనిచేస్తున్నట్టే లెక్క.

ఫ్లష్ వరుస చూడాలి. పది సెకన్లలో 1,150 ఫ్లష్‌లు. వాటికి పట్టిన సమయం 9.6 సెకన్లు. ఒక్కోదానికి 8.3 మిల్లీసెకన్లు, కొంచెం పైన. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు పూర్తి చేయడానికి సరిగ్గా పట్టే సమయం కూడా 8.33 మిల్లీసెకన్లు. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. పాత సాఫ్ట్‌వేర్ ప్రతి చిన్న రాత తరువాత, ‘ఇది నిజంగా డిస్క్ మీదకు చేరేదాకా నేను కదలను’ అని పట్టుబడుతోంది. రాతలు హోస్ట్ కాషెలోకి వెంటనే పోతున్నాయి కనుక వాటి సమయం దాదాపు సున్నా. ఫ్లష్ వచ్చినప్పుడు మాత్రం అసలు డిస్క్ పళ్లెం తిరిగి ఆ చోటు తల కిందికి వచ్చేదాకా అందరూ ఆగాలి. గంటకు వేల వోచర్లు ఎక్కుతున్న రోజున అది నిమిషాలుగా పోగవుతుంది.

లోపలి నూరు శాతం ఇప్పుడు అర్థమవుతుంది. వాడకం శాతం అంటే డిస్క్ సామర్థ్యంలో ఎంత వాడారన్నది కాదు. కొలిచిన సమయంలో కనీసం ఒక్క అభ్యర్థనైనా పెండింగులో ఉన్న సమయం ఎంతన్నది. ఒకే ఒక్క ఫ్లష్ ఎప్పుడూ తలుపు దగ్గర నిలబడి ఉంటే అది నూరు శాతమే. ఒకేసారి ఎన్నో పనులు అందుకోగల ఎస్ఎస్‌డీ మీద ఈ శాతం ఇంకా పెద్ద మోసం. నూరు చూపిస్తున్నప్పుడు కూడా దానికి మరెన్నో రెట్ల పని ఇవ్వవచ్చు. పర్యవేక్షణ తెరల మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే ఈ అంకె, అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే అంకె. ఫ్లష్‌ల లెక్కకు ఇన్నాళ్లూ చోటు దక్కకపోవడం మరో లోపం. లినక్స్ కర్నల్ సొంత డిస్క్ పట్టికలో ఫ్లష్‌లకు విడి గడి వచ్చింది 5.5 వెర్షన్ నుంచే.

4 కేబీ రాస్తే 64 కేబీ

పై ఉదాహరణలో ఇమేజ్ ఫైలు సాదా ‘రా’ ఫార్మాట్‌లో ఉందనుకున్నాం. క్యూకౌ2 ఫార్మాట్ అయితే మరో పొర చేరుతుంది. ఈ ఫార్మాట్ డిస్క్‌ను మామూలుగా 64 కేబీ ముక్కలుగా చూస్తుంది. ఏ ముక్క ఫైలులో ఎక్కడుందో చెప్పడానికి రెండు అంచెల పట్టికలు ఉంటాయి. రెండో అంచెలోని ఒక్కో పట్టిక 512 ఎంబీ డిస్క్‌కు దారి చూపుతుంది. ఖాళీ చోటుకు ఫైలులో జాగా పట్టదు కనుక 100 జీబీ డిస్క్ 20 జీబీ ఫైలులో ఇమిడిపోతుంది. స్నాప్‌షాట్లు (డిస్క్ ఆ క్షణంలో ఉన్న స్థితిని అలాగే నిలిపి ఉంచే నకళ్లు) తీసుకోవచ్చు. ఈ రెండు సౌకర్యాల కోసమే దీన్ని ఎంచుకుంటారు.

దీనికి చెల్లించే మూల్యం లోపలి గేజీలో కనిపించదు. రిటర్ను వేసేముందు భద్రంగా ఉంటుందని ఎవరో ఒక స్నాప్‌షాట్ తీశారనుకుందాం. ఆ తరువాత గెస్ట్ ఒక ముక్కలో 4 కేబీ మార్చితే, పాత ముక్కను చెరపకూడదు కనుక ఎమ్యులేటర్ కొత్త ముక్కకు చోటు కేటాయించి, మారని 60 కేబీని పాతచోటు నుంచి చదివి, కొత్త 4 కేబీతో కలిపి 64 కేబీగా నిలబెట్టాలి. పైగా పట్టికను కూడా మార్చాలి. గెస్ట్ లెక్కలో ఒక రాత. హోస్ట్ లెక్కలో ఒక చదువు, పదహారు రెట్ల రాత, పట్టిక మార్పు. ఒక ముక్కకు ఇది మొదటిసారి మాత్రమే. రెండోసారి అదే ముక్కను మార్చితే నేరుగా రాస్తుంది. అందుకే స్నాప్‌షాట్ తీసిన వెంటనే మెషీన్ ఈడుస్తున్నట్టు అనిపించి, కొన్ని గంటల తరువాత దానంతటదే తేరుకుంటుంది. కారణం తెలియనివారు ఈలోగా యాంటీవైరస్‌ను తీసేసి, సమస్య దానివల్లే పోయిందని నమ్ముతారు.

ఇందుకు వ్యతిరేక దిశలో కూడా అంకెలు తప్పుతాయి. గెస్ట్ లోపల పది జీబీ ఫైళ్లు చెరిపేస్తే లోపల ఖాళీ పెరుగుతుంది, బయట ఇమేజ్ ఫైలు ఒక్క అంగుళం తగ్గదు. చెరిపిన సంగతి గెస్ట్ కింది డిస్క్‌కు చెప్పాలి, ఎమ్యులేటర్ ఆ కబురును వినేలా అమర్చి ఉండాలి. అప్పుడే జాగా తిరిగి వస్తుంది. చదువుల విషయంలోనైతే హోస్ట్ కాషె పెద్ద దాత. గెస్ట్ లోపల సెకనుకు వందల ఎంబీ చదువుతున్నట్టు కనిపిస్తుంటే బయట డిస్క్ నిద్రపోతూ ఉంటుంది, ఎందుకంటే ఆ ఫైలు అప్పటికే హోస్ట్ జ్ఞాపకంలో ఉంది. కొత్త డిస్క్ వేగం పరీక్షించామని గెస్ట్ లోపలి అంకెతో సంబరపడితే, పరీక్షించింది ర్యామ్‌నే. కాషెను పక్కన పెట్టే ‘నన్’ పద్ధతిలో ఇమేజ్‌ను తెరిస్తే ఈ భ్రమ చాలావరకు పోతుంది, రెండు గేజీలు దగ్గరవుతాయి.

గడియారం ఎవరిది

ఆలస్యం కొలవాలంటే గడియారం కావాలి. గెస్ట్ లోపలి గడియారం గెస్ట్ ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. ఆ ప్రాసెసర్ హోస్ట్‌కు ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక పని వరుస) మాత్రమే. హోస్ట్‌లో వేరే పని ఎక్కువై ఆ థ్రెడ్ వంతు కోసం ఆగితే, డిస్క్ పని ఎప్పుడో పూర్తయినా దాన్ని అందుకునే నాథుడు ఉండడు. గెస్ట్ లేచి చూసుకున్నాక తన లెక్కలో ఆ నిరీక్షణంతా డిస్క్ ఖాతాలోనే వేస్తుంది. డిస్క్ 2 మిల్లీసెకన్లలో ముగించిన పని గెస్ట్ పుస్తకంలో 30గా నమోదు కావచ్చు. గెస్ట్ లినక్స్ అయితే టాప్‌లోని ‘స్టీల్’ శాతం ఈ దొంగతనాన్ని చూపుతుంది.

ఇక్కడ వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ (సర్వర్ల మీద వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్) వాడినవారికి పాత మిత్రుడు గుర్తుకొస్తాడు. దాని ఈఎస్ఎక్స్‌టాప్ తెరలో ఆలస్యాన్ని విడగొట్టి చూపిస్తారు: పరికరంలో పట్టింది డీఏవీజీ, హైపర్‌వైజర్‌లో పట్టింది కేఏవీజీ, రెండూ కలిపి గెస్ట్‌కు తగిలేది జీఏవీజీ. ఆలస్యం ఎక్కడిదో ఒక్క చూపులో తేలిపోతుంది. క్యూఎమ్యూలో ఇంత చక్కగా ఒకే వరుసలో దొరకదు. బ్లాక్‌స్టాట్స్ అంకెల నుంచి హోస్ట్ ఐఓస్టాట్ అంకెలు తీసేసి, గెస్ట్ అంకెల నుంచి బ్లాక్‌స్టాట్స్ తీసేసి చేతితో కట్టుకోవాలి. కొంచెం శ్రమే గాని, చేయలేనిదేమీ కాదు. మూడింటినీ ఒకే పది సెకన్లలో తీసుకోవడం మాత్రం తప్పనిసరి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసి కలిపితే ఆ లెక్కకు అర్థం ఉండదు.

వంతులవారీ నీరు

ఒకే హోస్ట్ మీద ఇరవై ముప్పై వర్చువల్ మెషీన్లు నడిపే ఇంజినీరింగ్ కళాశాల ల్యాబును తీసుకుంటే సమస్య మరో రూపం దాలుస్తుంది. దాళ్వాకు గోదావరిలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. వంతు లేని రోజున శివారు రైతుకు బోదె ఎండి కనిపించేది నదిలో నీరు లేక మాత్రమే కాదు, షట్టరు దించి ఉండడం వల్ల కూడా. ల్యాబులో కూడా ఒక విద్యార్థి మెషీన్ డిస్క్ మొత్తాన్ని మింగేయకుండా నిర్వాహకులు ఒక్కోదానికి సెకనుకు ఇన్ని అభ్యర్థనలని, ఇన్ని బైట్లని పరిమితి పెడతారు. క్యూఎమ్యూ ఈ పరిమితిని అమలు చేసే పద్ధతి పేరే చిల్లు బకెట్. పైనుంచి ఎంత కుమ్మరించినా అడుగు చిల్లులోంచి నిర్ణీత ధారే దిగుతుంది. బకెట్ నిండితే కుమ్మరించేవారు ఆగాలి.

ఇలా ఆగిన సమయం గెస్ట్‌కు డిస్క్ ఆలస్యంగానే కనిపిస్తుంది. హోస్ట్ డిస్క్ మాత్రం తీరిగ్గా ఉంటుంది. లోపల క్యూ పెరిగి, బయట డిస్క్ ఖాళీగా ఉంటే, కొత్త డిస్క్ కొనే ముందు ఎవరైనా షట్టరు దించారేమో చూడాలి. ‘ఇన్ఫో బ్లాక్’ ఆదేశం ఆ పరిమితులను కూడా చూపిస్తుంది. హోస్ట్ లినక్స్‌లో సీగ్రూప్‌ల (ప్రోగ్రాముల గుంపులకు వనరుల వాటా నిర్ణయించే కర్నల్ సౌకర్యం) ద్వారా పెట్టిన పరిమితి అయితే ఆ తెరలో రాదు, అక్కడ విడిగా వెతకాలి. దీన్ని మరచిపోయి రోజులకు రోజులు వృథా చేయడం ఈ రంగంలో అరుదేమీ కాదు.

సగటు ఎక్కడ మోసం చేస్తుంది

వరదల వేళ ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. చూసేది ఆ గంటలోని మట్టాన్ని. రోజు సగటు తీసి, సాయంత్రానికి తగ్గింది కదా అంటే లంకల్లో ఉన్నవారికి ఏమీ ఒరగదు. డిస్క్ లెక్కలో కూడా అంతే. నిమిషానికి ఒకసారి తీసే సగటు 5 మిల్లీసెకన్లు చూపించవచ్చు; అందులో తొంభై తొమ్మిది అభ్యర్థనలు మిల్లీసెకనులోపు ముగిసి, ఒక్కటి నాలుగు వందలు తీసుకుని ఉండవచ్చు. వోచరు సేవ్ అయ్యేదాకా కూర్చున్న మనిషికి తగిలింది ఆ ఒక్కటే. అందుకే సగటు కాక, ఎన్ని అభ్యర్థనలు ఏ పరిధిలో పడ్డాయో చూపే పట్టీ కావాలి. క్యూఎమ్యూలో డిస్క్‌కు ఆలస్యపు హిస్టోగ్రాం అమర్చే ఆదేశం ఉంది. హోస్ట్ లినక్స్‌లో బయోల్యాటెన్సీ అనే పరికరం ఇదే పని అసలు డిస్క్‌కు చేస్తుంది. బయోస్నూప్ ఒక్కో అభ్యర్థననూ విడిగా చూపిస్తుంది.

ఇంత సూక్ష్మంగా కొలవడం ఉచితం కాదు. ప్రాసెస్ మానిటర్ వంటి పరికరాన్ని గెస్ట్ లోపల తెరిచి, దాని నమోదును అదే వర్చువల్ డిస్క్ మీద దాచితే, కాసేపటికి పట్టీలో ఎక్కువ భాగం ఆ నమోదు తాలూకు రాతలే కనిపిస్తాయి. ఆ నమోదు (ట్రేస్) ఫైలును వేరే డిస్క్ మీద గాని, నెట్‌వర్క్ అవతల గాని ఉంచాలి. క్యూఎమ్యూ మానిటర్‌ను కూడా సెకనుకు పదులసార్లు అడగకూడదు. ప్రత్యేకంగా అమర్చకపోతే, ఆ జవాబులు ఇచ్చే ప్రధాన థ్రెడ్డే డిస్క్ పనులు ముగిసిన కబుర్లను కూడా అందుకుంటుంది.

చిన్న ఎమ్యులేటర్ల సంగతి

వర్చువల్‌బాక్స్ వాడేవారికి కిటికీ అడుగున చిన్న హార్డ్ డిస్క్ బొమ్మ ఉంటుంది. చదువు, రాత జరిగినప్పుడు వెలుగుతుంది. బాక్స్ (Bochs), 86బాక్స్ వంటి పాత కంప్యూటర్ల ఎమ్యులేటర్లలో కూడా ఇలాంటి దీపాలే. పని జరుగుతోందా లేదా అనేదాకా ఇవి చాలు, ఎంత జరుగుతోందో చెప్పలేవు. డాస్‌బాక్స్ కథ వేరు. అందులో మామూలుగా హోస్ట్ ఫోల్డరునే డ్రైవుగా చూపిస్తారు. డిస్క్ ఇమేజే లేనప్పుడు బ్లాకుల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ హోస్ట్ వైపు ఫైళ్లు తెరిచే, మూసే పిలుపులను గమనించడమే మార్గం.

నెమ్మదిని దాచే పద్ధతి

ఆడిటరు గదికి తిరిగి వస్తే, కారణం ఫ్లష్‌లని తేలింది. సరైన మందు ఇమేజ్‌ను ఎస్ఎస్‌డీ మీదకు మార్చడం. వెతికితే ఉచితంగా దొరికే మరో చిట్కా ఉంది. క్యూఎమ్యూ కాషె పద్ధతిని ‘అన్‌సేఫ్’ అని మార్చితే చాలు. అప్పుడు ఎమ్యులేటర్ గెస్ట్ పంపే ఫ్లష్‌లన్నిటికీ ‘అయిపోయింది’ అని వెంటనే జవాబిచ్చి, డిస్క్‌కు మాత్రం ఏమీ చెప్పదు. వోచరు రెప్పపాటులో సేవ్ అవుతుంది. బ్లాక్‌స్టాట్స్‌లో ఫ్లష్ సమయం కుప్పకూలుతుంది. లోపలి నూరు శాతం గీత నేలకు దిగుతుంది. మూడు గేజీల్లోనూ అంతా బాగుపడినట్టే ఉంటుంది. పరీక్షల కోసం నిలబెట్టి పారేసే మెషీన్లకు ఇది తగిన పద్ధతే, దాని పేరులోనే హెచ్చరిక ఉంది.

లెక్కల పుస్తకానికి మాత్రం కాదు. తుపాను గాలికి చెట్టు కొమ్మ తీగల మీద పడి కరెంటు పోవడం డెల్టాలో ఏడాదికి ఒకసారైనా చూసే సంగతి. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే హోస్ట్ ఒక్కసారిగా ఆరిపోతుంది. ఆ క్షణానికి చివరి అరనిమిషం వోచర్లు హోస్ట్ జ్ఞాపకంలోనే ఉన్నాయి. అంతకన్నా చెడ్డది, వాటిలో కొన్ని డిస్క్‌కు చేరి కొన్ని చేరకపోవడం. వరుస తప్పిన రాతలతో డేటా ఫైలు తెరుచుకోకపోవచ్చు. మర్నాడు ముందురోజు నమోదులు తీసి వెతికితే ఫ్లష్‌లు సున్నా మిల్లీసెకన్లలో ముగిశాయనే ఉంటుంది.